మోత మాన్పించే మావ

మొన్న కొత్తవలసలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల వేళకి సౌండుబాక్సుల మనిషి మైకు మీద వేలితో టకటకా కొట్టి, రెండుసార్లు ఉఫ్ ఉఫ్ అని ఊది, హలో మైక్ టెస్టింగ్ వన్ టూ త్రీ అన్నాడు. నాకు కోపం నషాళానికి అంటింది. మైకుని కొట్టకూడదు, ఊదకూడదు. ఈ సంగతి నేను చదువుకున్న చోట ఎవరూ అంత గట్టిగా చెప్పలేదు గానీ, రాజాం దగ్గర ఒక మైకుసెట్టు ఆసామి చెప్పాడు. ఆయనే గనక ఆ బంతిలో ఉంటే ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళి, "అదేటి, నీ అత్తోరింటి తలుపేటి, అలగ కొడతన్నావు?" అని ఉండేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. పప్పన్నం కలుపుకుంటూ నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కావిడ నా వంక అదోలా చూసి కొంచెం జరిగి కూర్చుంది.

పేరు రాయను. రాసినా ప్రయోజనం లేదు. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన్ని పేరుపెట్టి పిలిచిన మనిషిని నేను చూడలేదు. పిల్లలకీ పెద్దలకీ అందరికీ ఆయన మైకుసెట్టు మావే. నాకూ మావే.

నాది విజయనగరం. సినిమాలకీ డాక్యుమెంటరీలకీ శబ్దం రికార్డు చెయ్యడం నా వృత్తి. రెండువేల పది దాటాక నాలుగైదేళ్ళపాటు మా రెండు జిల్లాల్లో పాటలూ వాయిద్యాలూ ఎక్కడివక్కడ, ఆరుబయటే రికార్డు చేసి భద్రపరిచే పని ఒకటి ఒప్పుకున్నాను. ఊడుపుల్లో పాడేవాళ్ళ కోసం మడి గట్టుకీ, వల లాగుతూ పాడేవాళ్ళ కోసం సముద్రం ఒడ్డుకీ మనమే వెళ్ళాలి. చెప్పుకోడానికి బాగానే ఉంటుంది. వెళ్ళి మైకు పెట్టాక తెలుస్తుంది మన ఊళ్ళు ఎంత మోతగా ఉంటాయో. పాట ఎత్తుకోగానే ఎక్కడో కుక్కర్ కూత వేస్తుంది. కుక్కర్ ఆగితే మోటారుసైకిల్. అది పోతే కోడి. కోడి ఊరుకుంటే, మేం ఏం చేస్తున్నామో అడగడానికి ఒక పెద్దమనిషి దగ్గుకుంటూ వస్తాడు.

ఆయన నాకు తారసపడింది అలాంటి రోజునే. రాజాం అవతల ఒక ఊళ్ళో ఒకావిడ ఊడుపు పాటలు పాడుతుంటే నా మిషను బ్యాటరీ చచ్చిపోయింది. ఎవరో ఫోన్ చేస్తే, మోపెడ్ మీద కాళ్ళ మధ్య లారీ బ్యాటరీ పెట్టుకుని ఆయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. గళ్ళ లుంగీ, జేబులో టెస్టరు, ఎడమ చేతికి కడియంలా నల్ల ఇన్సులేషన్ టేపు చుట్ట. వైర్లు తగిలించాడు. ఇంక వెళ్తాడేమో అని చూస్తే గట్టు మీద చతికిలబడ్డాడు. పనుంటే వెళ్ళండి అన్నాను. బ్యాటరీ తనదనీ, దాంతో నేనేం చేస్తున్నానో చూడకుండా వెళ్ళిపోతే ఎలాగనీ అన్నాడు.

ఆ పూట నాలుగుసార్లు పాట చెడిపోయింది. నాలుగోసారి ట్రాక్టరు. నాకు అసలే కోపం ఎక్కువ. లేచి ఊళ్ళో వాళ్ళందరి మీదా అరిచాను. అందరూ బిత్తరపోయి నిలబడ్డారు. మావ మెల్లగా నా దగ్గరికొచ్చాడు.

"పాపా, నువ్వు అరుస్తన్నావు కదా, ఆ అరుపు కూడా అందులో పడిపోతాది. ఆపీ. ఒక్క పావుగంట నాకొదిలీ."

వదిలేశాను. పావుగంటలో ఆ ఊరు సద్దుమణిగింది. ఎవరినీ నోర్మూసుకోమనలేదు ఆయన. మోటారుసైకిళ్ళున్న ప్రతివాడి దగ్గరికీ వెళ్ళి, బండి ఎవరైనా ముట్టుకుంటారేమో, తాళం నా దగ్గరుంచు అని అడిగి తీసుకుని తువ్వాలు కొసన మూటకట్టుకున్నాడు. ఇళ్ళలోకి తొంగి చూసి, పొయ్యి మీద ఏమున్నాదమ్మా, ఎన్ని కూతలకి ఉడుకుతాది అని కనుక్కున్నాడు. కోడిపుంజుని గంప కింద పెట్టాడు. మేకలకి మేత వేయించాడు. నమిలే మేక అరవదట. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, అందరికన్నా దూరపు చప్పుడు ఎవరు వింటే వాళ్ళకి జీళ్ళు కొనిపెడతానన్నాడు. ఆ పిల్లలు చెవులు రిక్కించి బొమ్మల్లా కూర్చున్నారు. అలా చెడగొట్టే వాళ్ళందరికీ తలొక పని అప్పజెప్పి, మోతని వాళ్ళ చేతే కాపలా కాయించాడు. పాట మొదటి నుంచి చివరి దాకా కడిగిన ముత్యంలా వచ్చింది.

వెనక్కి వచ్చేటప్పుడు, మోపెడ్ అక్కడే వదిలి నా కారెక్కిన ఆయనకి సగం దారిలో తువ్వాలు బరువు గుర్తొచ్చింది. ఊళ్ళో మోటారుసైకిళ్ళ తాళాలన్నీ మాతోనే ఉన్నాయి. కారు వెనక్కి తిప్పాం. ఊరి మొదట్లోనే జనం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. మావ దిగి, మీ బళ్ళు భద్రంగానే ఉన్నాయి కదా, నాను సెప్పినట్టే అయింది అన్నాడు. అంత కోపంలోనూ వాళ్ళకి నవ్వొచ్చింది.

ఆ మర్నాటి నుంచి నాతోనే. ఏ ఊరు వెళ్ళినా, ఈ గుంట మా మేనకోడలు అని పరిచయం చేసేవాడు. బెస్త ఊరయినా, రైతుల ఊరయినా మేనకోడల్నే. దానివల్ల నాకు ఎక్కడా అన్నానికి లోటు రాలేదు. కవిటి వైపు ఒకావిడ, మీ మావ పోలికలే అని బుగ్గలు నిమిరింది కూడా.

మైకు పరీక్షించడానికి ఆయన పద్ధతి వేరు. వన్ టూ త్రీ అంటే ఆయనకి ఒళ్ళుమంట. అంకెలు సరుకులు లెక్కపెట్టుకోడానికి పనికొస్తాయి గానీ మైకుకి పనికిరావనేవాడు. మైకు ముందు మూరెడు దూరంలో నిలబడి, భోజనానికి కూర్చున్నంత శ్రద్ధగా పప్పు, పొట్లకాయ, పనసపొట్టు, సొరకాయ, సేమదుంప, సారు అని చదివేవాడు. పకారాలకి మైకు తన్నకుండా, సకారాలకి గీరకుండా ఉంటే సరిగా ఉన్నట్టు లెక్క. నేను చదువుకుని నేర్చుకున్నదీ అదే. కాకపోతే నా చదువులో పనసపొట్టు లేదు. ఆయన పరీక్ష అయ్యేసరికి మాకందరికీ ఆకలి దంచేసేది.

గాలి మోత పడకుండా మైకుకి తొడిగే బొచ్చు సంచిని ఎలుగుబంటి పిల్ల అనేవాడు. ఉద్దానం ఊళ్ళలో ఎలుగుబంట్లు జీడితోటల్లోకి వస్తుంటాయి కదా, దాన్ని చూసి నిజంగానే ఒక ముసలాయన కర్ర తీశాడు. మైకు దగ్గరికి వచ్చేవాళ్ళెవరైనా చెప్పులు విడిచి రావాలి. గులకరాళ్ళ మీద చెప్పు కిర్రుమంటుందని ఆయన ఉద్దేశం. జనం మాత్రం అది ఏదో మొక్కు అనుకుని, విడవడమే కాక దణ్ణం కూడా పెట్టేవారు.

గరివిడి పక్కన ఒక ఊళ్ళో జరిగింది చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు. జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పే పెద్దాయన్ని రికార్డు చెయ్యాలి. పక్కనే బియ్యం మిల్లు దడదడలాడుతోంది. మిల్లు ఆసామిని అడిగి చీవాట్లు తిని వచ్చాను. తర్వాత మావ వెళ్ళాడు. మిల్లు ఊసే ఎత్తలేదట. మీరు ఊరి పెద్దలు, ముందు మీరు ఇనాల బాబూ అని మర్యాదగా తోడ్కొచ్చి, కుర్చీ వేసి, నా హెడ్‌ఫోను తీసి ఆయన చెవులకి పెట్టాడు. కథ మొదలైంది. మిల్లు ఆసామి ముఖం కాసేపు వికసించి, తర్వాత చిట్లింది. ఈ దడదడ ఏటి అని అడిగాడు. తమ మిల్లే బాబూ అన్నాడు మావ. ఆ ఆసామి పుట్టి బుద్ధెరిగాక తన మిల్లు మోత అంత తేటగా ఎప్పుడూ వినలేదు. రోజూ ఇలగే మోగతాదా, ఊరోళ్ళు ఎలగ బరిస్తన్నారు అని ఆశ్చర్యపోయి, ఫోన్ చేసి తనే ఆపించాడు. అంతటితో అయిందా, హెడ్‌ఫోను ఇవ్వనన్నాడు. కథ అయ్యేదాకా కళ్ళు మూసుకుని ఆయన వింటుంటే నేను మీటరు ముల్లు చూసుకుంటూ చెవిటిదానిలా రికార్డు చేశాను.

అందరితోనూ అంత చనువుగా మాట్లాడే మనిషి, ఒక ఊరు వస్తే మాత్రం కారు ఇంకో దారిన పోనిమ్మనేవాడు. రాజాం నుంచి గంట ప్రయాణం, కొండ కింద చిన్న ఊరు. అక్కడి తప్పెటగుళ్ళ దళం మా వైపు చాలా పేరున్నది. గుండెకి తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడి కూడా వాయిస్తారు. అక్కడికి వెళ్దాం మావా అని నేను ఎప్పుడడిగినా, గాలి ఎక్కువ పాపా అటుపక్క అనేవాడు. ఏడాది పొడుగునా ఒక్క ఊళ్ళోనే గాలి వీస్తుందా అని నాకు అనుమానం.

అసలు సంగతి వాళ్ళింట్లో అత్త చెప్పింది. మావ భార్యని నేను అత్తా అనేదాన్ని. ఆవిడ వాకిట్లో చేపలు తోముతూ, ఆ దళం పెద్ద మా అన్నే పాపా, ఈయనతో మాటల్నేవు అంది. దాదాపు పదేళ్ళ కిందట ఆ ఊళ్ళో అమ్మవారి సంబరం. మైకుసెట్టు ఈయనది. కింద బావ, అంటే అత్త అన్న, దళంతో తప్పెటలు కట్టుకుని దిగాడు. పైన తాటిచెట్లకి కట్టిన బూరల్లోంచి సినిమా పాటలు. అరగంట ఆపు బావా, మా ఆట అయ్యాక వేసుకో అని అడిగాడట ఆయన. కమిటీవాళ్ళు ఆపొద్దన్నారని ఈయన ఆపలేదు. ఆపకపోగా, జనం కోరారని ఇంకా హుషారైన పాట పెట్టాడు. తప్పెట చుట్టూ ఉన్న జనమంతా బూరల కిందకి చేరి చిందులు మొదలుపెట్టారు. బావ ఆట మధ్యలో ఆగి, గజ్జెలు విప్పుకుని, దళాన్ని తీసుకుని ఇంటికి పోయాడు. ఆ రోజు నుంచీ పెళ్ళిలో ఎదురుపడితే వేరే బంతిలో కూర్చుంటాడు. ఏం చెప్పాలన్నా చెల్లెలితోనే. మరుసటేడు నుంచి ఆ సంబరంలో తప్పెటలే మానేశారు.

అత్త ఇదంతా చెబుతుంటే మావ గుమ్మంలో వైరు ఒలుచుకుంటూ వింటూనే ఉన్నాడు.

"ఆపడానికి ఎంతసేపు పాపా? ఒక్క స్విచ్చి. నాను ఆపనేదు."

వైరు ఒలవడం మానేశాడు.

ఆ ఏడాదే నాకు ఒక సినిమా పని వచ్చింది. హైదరాబాదు దర్శకుడు, నెమ్మదైనవాడు. కథలో ఒకచోట అసలైన తప్పెటగుళ్ళు కావాలన్నాడు. ఒక్క పొద్దుట మాత్రం ఇవ్వగలననీ, సరిగా రాకపోతే హైదరాబాదులో వాయిద్యగాళ్ళని పెట్టి స్టూడియోలో చేయించుకుంటాననీ ముందే చెప్పాడు. ఆ దళమైతేనే బాగుంటుందని నేను పట్టుబట్టాను. అత్త వెళ్ళి అన్నగారిని ఒప్పించింది. మావా, నువ్వు ఇంటి దగ్గరుండిపో అన్నాను. ఆయన కస్సుమన్నాడు.

"నాను రాకపోతే ఆ ఊళ్ళో సప్పుడు ఎవుడు ఆపుతాడు? ఇను పాపా. ఈ పాలి మా బావ వాయిద్యం మీద ఈగ కూడా వాలకూడదు. అలగ వినిపిస్తే అప్పుడైనా మాటాడతాడు."

అదీ ఆయన ఆశ. కల్లాకపటం లేని ఆశ. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

కోతలయిపోయిన మడిలో, కొండ కింద, పొద్దున్నే మైకులు పెట్టాం. మావ తెల్లారకముందే వచ్చి ఊరంతా కలియదిరిగాడు. ఆవుల మెడల్లో గంటలు విప్పించాడు. బోరింగు పిడికి గోనెసంచి చుట్టించాడు. మోటారుసైకిళ్ళ తాళాలు మూటకట్టి, ఈసారి అత్త చేతికిచ్చాడు. పాలకొండ బస్సు డ్రైవరుతో మాట్లాడి హారను కొట్టకుండా పోయే ఏర్పాటు చేశాడు. ఊరి జనాన్ని గట్ల మీద కూర్చోబెట్టి, తుమ్మొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకోండి గానీ కిక్కురుమనకండి అన్నాడు. నా అన్నేళ్ళ పనిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. హెడ్‌ఫోనులో కొండ మీద చీపురుగడ్డి ఊగే చప్పుడు వినబడింది.

బావ దళంతో వచ్చాడు. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉన్న మనిషి, నెరిసిన మీసం. మావ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. మావ మాత్రం మైకుల వెనక చెప్పుల్లేకుండా, చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డాడు.

మొదటిసారి వాయించారు. శుభ్రంగా వచ్చింది. ప్రతి గజ్జె విడివిడిగా వినబడుతోంది. కానీ పస లేదు. అడుగులు లెక్కగా పడుతున్నాయి, అంతే. రెండోసారీ అంతే. దర్శకుడు నా పక్కకి వచ్చి, బాగుందండీ, కానీ స్టూడియోలో చేసుకుందాం లెండి అని మెల్లగా అన్నాడు. ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలియడం లేదు. మైకులు మార్చాను, దగ్గరికి జరిపాను. ఒక్కసారి, ఇంకొక్కసారి అని దర్శకుణ్ణి బతిమాలాను.

అప్పుడు గట్టు మీద ఒక ముసలమ్మ, చెంగు నోట్లోంచి తీసి, అందరికీ వినబడేలా అంది.

"పీనుగు కాడ కూకున్నట్టు కూకున్నారేటర్రా అందరూ? ఆళ్ళు ఎవుడి కోసం ఆడాల?"

మావ ఉష్షంటూ నోటి మీద వేలు పెట్టుకోబోయి, ఆగాడు. ఆవిడ వంక చూశాడు, దళం వంక చూశాడు. మళ్ళీ వెళ్ళి తన చోట నిలబడి తువ్వాలు కొస నోట్లో పెట్టుకున్నాడు.

మూడోసారి మొదలైంది. అదే లెక్క, అదే నడక. బావ ముందుకొచ్చి తప్పెట మీద ఒక వరస వేశాడు, మెడ వాల్చి, వేళ్ళు కనబడనంత వేగంగా. ఆ వరస ఆయనది. ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్నదని తర్వాత తెలిసింది. వరస ముగిసి దరువు పడిందో లేదో, నా చెవులు పగిలిపోయాయి.

"సెబాసు బావా!"

మావ. నోట్లోంచి తువ్వాలు జారిపోయింది. రెండు చేతులూ పైకి లేచి ఉన్నాయి. నా మీటరు ముల్లు ఎర్రగీత దాటి అవతలికి పోయింది. చచ్చాం అనుకున్నాను. ఆపేద్దామని చెయ్యి కూడా ఎత్తాను.

బావ ఆగలేదు. తల ఎత్తాడు, అంతే. మరుక్షణం తప్పెట మారిపోయింది. దళమంతా ఒక్క ఎగురు ఎగిరింది. గట్ల మీద జనం అదుపు తప్పారు. ముసలమ్మ చేతులు చరిచింది, ఈలలు పడ్డాయి, ఎవరో అలాగ, అలాగ అంటున్నారు. ఒక వరసకి ఇటు నుంచి మెప్పు, ఆ మెప్పుకి అటు నుంచి ఇంకో వరస. తప్పెట ఆడేవాళ్ళ కాళ్ళలో ఎంత ఉంటుందో చుట్టూ ఉన్నవాళ్ళ నోళ్ళలో అంత ఉంటుంది. ఆ రెండో సగాన్ని మేం పొద్దుటి నుంచీ తువ్వాళ్ళతో నొక్కేసి ఉంచాం. నేను ఏడుస్తూ లెవెల్స్ తగ్గించుకుంటూ కూర్చున్నాను. పావుగంట సాగింది. అయ్యాక దర్శకుడు, ఇదే, ఇదే కావాలి అన్నాడు.

మావ మాత్రం మడిలో చతికిలబడి తల పట్టుకున్నాడు. నాసినం సేసీసినాను పాపా, మళ్ళీ నానే మీద పడిపోయినాను అని ఒకటే గొణుగుడు. నేను హెడ్‌ఫోను ఆయన చెవులకి పెట్టి మొదటి నుంచి వినిపించాను. తన అరుపు దగ్గరికి వచ్చేసరికి ఉలిక్కిపడ్డాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. చివరికి బుగ్గల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. దూరంగా బావ గజ్జెలు విప్పుకుంటూ ఇటే చూశాడు. చూశాడు గానీ పలకరించకుండా వెళ్ళిపోయాడు.

"సూసినాడు కదా? సాలు" అన్నాడు మావ. చాలదని మా ఇద్దరికీ తెలుసు.

సినిమా విడుదలైంది. రాజాం హాలుకి దళం ఊరంతా ట్రాక్టరు కట్టించుకుని వెళ్ళారు. బావ వెళ్ళలేదు. సినిమాలో ఆ తప్పెట నిమిషం కూడా లేదు. ఉన్న ఆ కాస్త మీదా హీరో ఫోనులో మాట్లాడుతూ నడుస్తుంటాడు. మావ కేక వినబడింది, హాల్లో జనం గొల్లుమన్నారు, అంతలో సీను మారిపోయింది. దర్శకుడిని తిట్టలేను, ఆయన కథ ఆయనది. కానీ మావ బయటికొచ్చి సోడా కూడా తాగలేదు. బావ వాయిస్తుంటే మళ్ళీ ఎవుడో మీద మాటాడేస్తన్నాడు, మద్దిన నా అరుపొకటి అన్నాడు. నా దగ్గర పూర్తి రికార్డింగు ఉందిగా మావా అన్నాను. అప్పుడు ఆయన ముఖంలో ఏదో ఆలోచన మెదిలింది.

తర్వాత నెలలో ఆ ఊరి అమ్మవారి సంబరం. కమిటీ రాజాం నుంచి డీజే బాక్సులు మాట్లాడుకుంది. అవి సాయంత్రానికి గానీ రావు. ఈలోగా పొద్దుట ఒక్క గంట నాకివ్వండి అని మావ కమిటీ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు. అటక మీద దుమ్ముపట్టి ఉన్న బూరలు దింపాడు. అత్త చీపురుతో దులిపింది. ఆ వయసులో ఆయన తాటిచెట్టు ఎక్కుతానంటే నేను కోప్పడి వేరే మనిషిని ఎక్కించాను. నాలుగు బూరలు నాలుగు దిక్కులకి కట్టించాడు. నేను పెన్‌డ్రైవులో పావుగంట ఆటా వేసి ఇచ్చాను. ఆంప్లిఫయరు ముందు నిలబడి పొట్లకాయ, సొరకాయ అన్నీ అప్పజెప్పాక మీట నొక్కాడు.

అమ్మో, ఆ మోత. కొండకి తగిలి తిరిగి వచ్చింది. నాలుగు ఊళ్ళకి వినబడి ఉంటుంది. జనం పనులు వదిలి వాకిళ్ళలోకి వచ్చారు. ఒకప్పుడు తప్పెటని తరిమేసిన బూరల్లోంచే తప్పెట మోగుతోంది. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. మూడోసారి పెట్టాడు. మావా, జనానికి విసుగొస్తుంది అన్నాను. ఇంకా ఇనవలసినోడు రానేదు అన్నాడు.

వచ్చాడు. పొలాల మీంచి, ఎండలో, విసవిసా నడిచి వచ్చాడు బావ. గుండెకి తప్పెట కట్టుకునే ఉన్నాడు, వెనకే దళం. సరిగ్గా మావ ఎదురుగా నిలబడ్డాడు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆపరా బావా" అన్నాడు. "నానింకా సావనేదు కదా. వాయించినోడు ఎదరగా ఉన్నాడు. ఆపి కూకో."

మావ స్విచ్చి ఆపాడు. ఆపడమే కాదు, బ్యాటరీ వైర్లు కూడా పీకేశాడు. వెళ్ళి జనంలో ముందు వరసలో నేల మీద కూర్చున్నాడు. పదేళ్ళ తర్వాత ఆ సంబరంలో తప్పెట ఆడింది. మధ్యాహ్నం దాకా ఆడింది. ప్రతి వరసకీ మావ సెబాసు బావా అని కేక. ఊరుకోవయ్యా గొంతు పోతాది అని అత్త అరుస్తున్నా వినలేదు.

మర్నాడు బూరలు దింపించుకుని మావ వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన గొంతు నిజంగానే పోయింది. ఒక్క మాట రావడం లేదు. అరుగు మీద మావ మిరియాల పాల గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. పక్కన బావ. పదేళ్ళు నోరు విప్పని మనిషి మాట్లాడుతున్నాడు. ఆ పదేళ్ళలో పుట్టిన దూడలూ, ఎండిన మళ్ళూ, చేసిన పెళ్ళిళ్ళూ, తనకి జ్వరమొచ్చినప్పుడు చూడ్డానికి ఈయన గుమ్మం దాకా వచ్చి తిరిగిపోవడమూ, తను లోపలి నుంచి చూస్తూ పిలవకపోవడమూ, అన్నీ వరసగా చెప్పుకుపోతున్నాడు. మధ్యలో ఒక్క మాటకైనా మావ జవాబు చెప్పలేడు. నోరు తెరుస్తాడు, గాలి తప్ప రాదు.

"ఏటి, మాటాడవేటి?" అని బావ తొడ మీద చరిచి, మళ్ళీ మొదలుపెట్టాడు. మావ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, తల ఊపుతూ వింటూ కూర్చున్నాడు.